ఎక్స్ఛేంజి మామ్మ గది టైము

పొద్దున్న ఏడింటికి కోడలు జావ గ్లాసు పట్టుకుని మామ్మ గదిలోకి వెళ్ళి కర్టెన్ పక్కకి లాగుతుంది. లాగడమే తరవాయి, ఆ గదిలో టైము పొడుగవుతుంది. హాల్లో ఇరవై నిమిషాలు గడిచేసరికి గదిలో గంట గడుస్తుంది. సాయంత్రం లైటు వేసేదాకా ఇదే వరస. లైటు వేశాక రెండూ మళ్ళీ ఒక్కటే, రాత్రి నిద్రమటుకు అందరి నిద్రే. అందుకే కోడలు రోజూ లైటు వెయ్యగానే స్టూలెక్కి గదిలో గడియారాన్ని హాల్లో గడియారంతో కలిపి దిగుతుంది. ఆ గడియారానికి బ్యాటరీలు కొనలేక చస్తున్నామని మామ్మ కొడుకు అప్పుడప్పుడూ సణుగుతాడు.

ఇదేం విడ్డూరమని ఎవరూ అనలేదు. రెండేళ్ళ కింద మామ్మ స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది, మంచాన పడింది, వారం తిరిగేసరికి గది ఇలా తయారైంది. కొందరి ఇళ్ళల్లో గోడకి చెమ్మ దిగుతుంది, కొందరి ఇళ్ళల్లో కుళాయి కారుతుంది, వీళ్ళింట్లో టైము పొడుగవుతుంది. చూడటానికొచ్చిన డాక్టరు కూడా మందుల చీటీకి మధ్యలో గీత గీసి, ఒకపక్క బయటి టైము, ఇంకోపక్క గది టైము రాసిచ్చి, బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయాడు.

మామ్మంటే ఎవరికి మామ్మ అని అడిగితే ఆ మూడంతస్తుల బిల్డింగు మొత్తానికీ మామ్మే. ముప్పైనాలుగేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఉద్యోగం చేసింది. ఊళ్ళో ఎవరి కబురు ఎవరికి చేరాలన్నా ఈవిడ ప్లగ్గు పెడితేనే చేరేది. ఎన్ని రహస్యాలు విన్నదో అన్నీ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కడుపులోనే దాచుకుంది. రిటైరయ్యాక మాత్రం ఆ ముప్పైనాలుగేళ్ళ బాకీ తీర్చుకుంటోంది, ఇప్పుడావిడ నోట్లో నువ్వుగింజ నానదు. అందరూ ఎక్స్ఛేంజి మామ్మ అంటారు, పిలిస్తే "లైన్లో ఉండండి" అని పలుకుతుంది.

ఇక కోడలి సంగతి. ముప్పైయెనిమిదేళ్ళ మనిషి. అత్తగారు పడకముందు ఒక రొట్టెల ఫ్యాక్టరీ వ్యాను నడిపేది, తెల్లవారేలోపు ఊరంతా చుట్టి దుకాణాలకి రొట్టెలు దింపేది. అది మానేసి ఇప్పుడు ఇంట్లోనే ఉంటోంది. మంచాన ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్క తిప్పాలి, లేకపోతే వీపుమీద పుండ్లు పడతాయి. గదిలో రెండు గంటలంటే బయట నలభై నిమిషాలు. అంటే కూర పొయ్యిమీద పెట్టి వెళ్ళి తిప్పి రావాలి, బట్టలు ఆరేసే మధ్యలో వెళ్ళి తిప్పి రావాలి. బెడ్‌పాన్ పెట్టాలి, తియ్యాలి, కడగాలి. వీపు తుడిచి పౌడరు రాయాలి. మూడు పూటల తిండి కాదు, ఆరు పూటలు. నాలుగడుగులు వేసి కూరలు తెచ్చుకుందామని కోడలు అరగంట బయటికెళ్తే, మామ్మకి అది గంటన్నర. కిటికీలోంచి పడ్డ ఎండ నేలమీద ఒక పలకనించి పక్క పలకకి జరగడానికి ఎంతసేపు పడుతుందో మామ్మకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

కొడుకు సబ్బుల ఫ్యాక్టరీలో టైంకీపరు. నాలుగొందలమంది ఎప్పుడొచ్చారో ఎప్పుడెళ్ళారో నిమిషంతో సహా రాసే ఉద్యోగం. మంచివాడే, మాటకి మాత్రం హాల్లో గడియారమే ప్రమాణం. ఆదివారం పేపరు చదువుకుంటూ పెళ్ళాం గదిలోకి వెళ్ళేటప్పుడు గడియారం చూస్తాడు, వచ్చేటప్పుడు చూస్తాడు. "పది నిమిషాల పనికే ఇంత అలిసిపోతే ఎట్లా?" అంటాడు. ఆ పది నిమిషాలూ ఆవిడకి అరగంటని అతనికి తెలీక కాదు. తెలియడం వేరు, లోపల కూర్చోవడం వేరు.

అతని చెల్లెలు రెండు వీధుల అవతల పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. రెండేళ్ళ కవలలున్నారు. ఆదివారం వచ్చి గుమ్మంలోనే నిలబడి అమ్మతో మాట్లాడి వెళ్ళిపోతుంది. లోపల కూర్చుంటే ఎంతకీ తరగదు వదినా, అని నిజం చెప్పేసింది ఒకరోజు. కోడలికి కోపం రాలేదు. తరగదన్న సంగతి తనకన్నా బాగా ఎవరికి తెలుసు?

అలాంటి ఇంట్లోకి ఒక ఉత్తరం వచ్చింది. ఊరి బస్సు డిపోలో ఆడవాళ్ళని డ్రైవర్లుగా తీసుకుంటున్నారని విని, ఎప్పుడో ఆరునెలల కింద, మామ్మ మంచం పక్కన కూర్చుని కోడలు ఒక దరఖాస్తు నింపింది. నింపి, పోస్టు చేసి, మర్చిపోయింది. ఇప్పుడు వాళ్ళు రమ్మంటున్నారు. ఆరు వారాల ట్రైనింగు, పొద్దున్న ఎనిమిదినుంచి సాయంత్రం నాలుగుదాకా, చివరి శుక్రవారం పరీక్ష. పాసైతే సోమవారంనుంచే ఉద్యోగం. పరీక్షకి రాకపోతే పేరు కొట్టేస్తారు, మళ్ళీ బ్యాచి ఎప్పుడో వాళ్ళకే తెలీదు.

కోడలు ఉత్తరం మూడుసార్లు చదివింది. చక్రం పట్టుకోవాలని ఆవిడకి ఎంత ఉందో చెప్పలేను. రెండేళ్ళుగా వీధిలో బస్సు వెళ్తే గేరు మార్చిన చప్పుడు విని, ఆలస్యంగా మార్చాడు వెధవ అని వంటింట్లోంచే తిట్టుకునే మనిషి. కానీ ఎనిమిది గంటలంటే ఆ గదిలో ఒక నిండు రోజు. రోజుకో రోజు ముసలావిణ్ణి ఎవరి మొహాన పడేసి వెళ్తుంది? ఉత్తరం మడిచి డబ్బాలో పెట్టి, రాలేనని జవాబు రాయడానికి కాగితం తీసింది.

కాగితం చింపిన చప్పుడు మామ్మకి వినబడింది. ఆపరేటరు చెవులు మంచాన పడలేదు కదా. "ఏం రాస్తున్నావే?" అని కేకేసి, ఏమీలేదత్తయ్యా అన్న గొంతు విని అంతా లాగింది. విని, రాత్రి కొడుకు అన్నానికి కూర్చోగానే అక్కణ్ణించే పంచాయితీ పెట్టింది. అమ్మాయిని ట్రైనింగుకి పంపాల్సిందే అంది.

కొడుకు కాదనలేదు. అదేమంత బ్రహ్మవిద్య, మనమంతా లేమూ అన్నాడు. అన్నవాడు ఊరుకున్నాడా, ఆదివారం ఎనిమిదినుంచి నాలుగుదాకా నేనొక్కణ్ణే చూసి చూపిస్తా, నువ్వు హాయిగా బయట తిరిగిరా అని పెళ్ళానికి సవాలు విసిరాడు.

ఆదివారం పొద్దున్న టైంకీపరుగారు సరంజామా సర్దుకున్నాడు. ఒక పేపరు, ఒక ఫ్లాస్కుతో టీ, ఇద్దరికీ ఒక పూట భోజనం, ఒక పూట మాత్రలు. కోడలు చూసి, ఇవి సరిపోతాయంటారా అని మెల్లిగా అడిగింది. ఎనిమిది గంటలకి ఇంకెన్ని కావాలి, తాతకి దగ్గులు నేర్పకు అన్నాడు. నాలుగొందలమంది టైము రాసే మనిషి, తన టైము మాత్రం హాలు లెక్కన సర్దుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

కోడలు బయట తిరగలేదు. కింద అంతస్తులో దర్జీ ఆవిడ కొట్టుకి వెళ్ళి స్టూలుమీద కూర్చుంది. ఊరికే కూర్చోవడం మర్చిపోయిన మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక గుండీల డబ్బా ముందేసుకుని రంగులవారీగా ఏరింది. మూడుసార్లు లేచింది పైకి వెళ్దామని. మూడుసార్లూ దర్జీ ఆవిడ కత్తెర అడ్డంపెట్టి కూర్చోబెట్టింది.

నాలుగింటికి తలుపు తీసుకుని బయటికొచ్చిన మొగుణ్ణి గుర్తుపట్టడానికి కోడలికి క్షణం పట్టింది. గడ్డం పెరిగింది, కళ్ళు గుంటలు పడ్డాయి, చొక్కామీద జావ మరకలు. పేపరు పదిసార్లు చదివాడట, పోయినవి దొరికినవి ప్రకటనలతో సహా కంఠతా వచ్చాయట. తిండి గది టైము మధ్యాహ్నానికే అయిపోతే తల్లీకొడుకులు మంచంకింద డబ్బాలో ఉన్న బిస్కెట్లతో గడిపారట. పన్నెండుసార్లు పక్క తిప్పాడట. లోపల్నించి మామ్మ, "వీడు నన్ను తిప్పడం కాదే, దొర్లించాడు" అని పితూరీ చెబుతోంది.

అతను కుర్చీలో కూలబడ్డాడు. 

"రెండేళ్ళ నుంచీ రోజూ ఇంతేనా?"

"అలవాటైపోయిందిలెండి."

"నాలుగొందలమందిది సరిగ్గా రాశాను. నీ హాజరే తప్పు వేశాను."

కోడలికి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. గడ్డం గీసుకు రండి ముందు, అని పంపించి వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చింది. అది సుఖంగా ఏడ్చిన ఏడుపే.

సరే, బుద్ధి వచ్చింది, బాగుంది, కానీ సమస్య తీరలేదు కదా. అతను వారం మధ్యలో ఫ్యాక్టరీ మానలేడు. ఆదివారం ఒక్కటీ చేస్తేనే మనిషి అలా అయ్యాడు. అప్పుడు మామ్మ ఫోను అడిగింది. ఒడిలో పెట్టుకుని, తలగడ ఎత్తు చేయించుకుని, గొంతు సవరించుకుంది. ఆ గొంతు విని కోడలు చేస్తున్న పని ఆపింది. పాత ఎక్స్ఛేంజి గొంతు అది.

మొదటి ఫోను కింద అంతస్తుకి. బడులు తెరిచేలోపు ఎన్ని యూనిఫాం చొక్కాలు కుట్టాలే అని దర్జీ ఆవిణ్ణి అడిగింది. మూడొందల అరవై పిన్నిగారూ, కాజాలు కుట్టేసరికి చచ్చిపోయేలా ఉన్నా, టైము చాలట్లేదు అని ఆవిడ గోల.

"నా దగ్గర బోలెడు టైము పడి ఉంది. వచ్చి వాడుకో" అంది మామ్మ. "ఎనిమిదినుంచి పన్నెండుదాకా కూర్చున్నావంటే పన్నెండు గంటల పనవుతుంది. దానికి నువ్వు చెయ్యాల్సిందల్లా రెండు గంటలకోసారి నన్ను పక్క తిప్పడం, అడిగినప్పుడు బెడ్‌పాన్ అందించడం. ఇష్టమైతే చెప్పు, కష్టమైతే లైను కట్ చేస్తా."

లైను కట్ అవలేదు. రెండో ఫోను పై అంతస్తులో ఒంటరిగా ఉండే లెక్కల మాస్టారికి. పరీక్ష పేపర్ల కట్టలు ఇంటినిండా పేరుకుపోయి మంచం ఎక్కడుందో వెతుక్కుంటున్న మనిషి. ఒంటిగంటనుంచి నాలుగుదాకా ఆయనకి. మూడో ఫోను సొంత కూతురికి. కవలలు పుట్టిన దగ్గర్నుంచి ఆ పిల్ల కంటినిండా నిద్రపోలేదని మామ్మకి తెలుసు. మధ్యాహ్నం భోజన విరామం గంటలో వచ్చి నా పక్కన పడుకో, మూడు గంటల నిద్ర వస్తుంది, పడుకునేముందు నన్నోసారి తుడిచి బట్ట మార్చు, అంది. అవతల కూతురు ఏడుస్తోందని మామ్మకి తెలిసిపోయింది, లైన్లోనే ఉంది.

రెండేళ్ళుగా ఈ గదిలో టైము పొడుగని బిల్డింగులో అందరికీ తెలుసు. ఎవరికీ ఆ టైముతో పని ఉండొచ్చని తోచలేదు చూడండి. పక్కింట్లో మామిడిచెట్టు ఉందని తెలిసీ బజారుకెళ్ళి కాయలు కొనుక్కునే రకం మనమంతా.

సోమవారంనుంచి కోడలు డిపోకి వెళ్ళింది. మొదటిరోజు దారిపొడుగునా వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్ళింది. ఇంట్లో ఎనిమిదింటికి దర్జీ ఆవిడ సంచితో దిగింది, ఎండ నాలుగు పలకలు జరిగేసరికి పది చొక్కాలకి కాజాలు కుట్టేసింది. మధ్యాహ్నం కూతురొచ్చి అమ్మని తుడిచి, జుట్టు దువ్వి, పక్కన ఒరిగి గురకపెట్టింది. ఆ గురక వింటూ మామ్మ కదలకుండా పడుకుంది, ఎక్కడ లేస్తుందోనని. మాస్టారు మూడు గంటల్లో తొమ్మిది గంటల పేపర్లు దిద్ది, రెండేళ్ళలో మొదటిసారి తన మంచం కనబడిందని చెప్పాడు. ఆయన ఉన్నప్పుడు బెడ్‌పాన్ అవసరమొస్తే చేతికర్రతో నేలమీద మూడుసార్లు కొట్టాలి, కిందనుంచి దర్జీ ఆవిడ వస్తుంది. సాయంత్రం కొడుకు వచ్చి కాళ్ళు ఒత్తి, ఆరో పూట తిండి తినిపించి, లైటు తానే వేసేవాడు. గడియారం కలపడం కూడా తానే.

డిపోలో నేర్పేవాణ్ణి అందరూ హారన్ సారు అనేవాళ్ళు, గొంతు అలాంటిది. మొదటివారం అందర్నీ తిట్టాడు, కోడల్ని తప్ప. అంత పొడుగు బస్సుని మలుపులో ఆవిడ తిప్పుతుంటే లోపల నిలబడ్డవాళ్ళు ఊగను కూడా ఊగట్లేదు. ఇది ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగాడు. ఇంట్లో మా అత్తగార్ని రోజూ తిప్పుతాను సార్, ముందు భుజం, తర్వాత నడుము, లాగకూడదు, మనిషి బరువు మనిషే జరిగేలా చూడాలి అంది. హారన్ సారు తల ఊపి, మిగతావాళ్ళవైపు తిరిగి, మీకెవరికీ అత్తగార్లు లేరా అని అరిచాడు.

ఇలా మూడు వారాలు జామ్‌జామ్‌గా నడిచింది. నాలుగోవారం దర్జీ ఆవిడ నొసలు ముడిచింది. పది కుట్టే చోట ఏడు అవుతున్నాయి. మర్నాడు ఆరు. మాస్టారు తన చూపు మందగించిందేమోనని కళ్ళజోడు మార్పించుకున్నాడు. పోస్టాఫీసు పిల్ల మూడు గంటలు పడుకున్నాననుకుని లేచి చూస్తే గంటన్నరే. గడియారం చూస్తే సంగతి బయటపడింది. హాల్లో ఇరవై నిమిషాలకి గదిలో గంట గడవట్లేదు, అరగంటే గడుస్తోంది.

కారణం దాచినా దాగేది కాదు. ఆ గదిలో ఇప్పుడు పొద్దస్తమానం మాటలే. మామ్మ ఎక్స్ఛేంజి రోజుల కథలు తీస్తోంది. ఇద్దరు వియ్యంకులు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడానికి ట్రంక్ కాల్ బుక్ చేసుకుని, లైను దొరికేలోపు తిట్లు మర్చిపోయి క్షేమసమాచారాలు అడుక్కున్న కథకి దర్జీ ఆవిడ సూది వేలికి గుచ్చుకుంది. మాస్టారు ఒంటిగంటకి రావాల్సినవాడు పదకొండింటికే వచ్చి గుమ్మంలో నిలబడుతున్నాడు. "ఎదురుచూసేవాళ్ళ దగ్గరే గంట పొడుగవుతుంది, అమ్మగారు ఎదురుచూడటం మానేశారు" అని ఆయనే తేల్చాడు. లెక్క సరిగ్గా చేశాడు, దాన్ని చూసి సంతోషించాలో ఏడవాలో మాత్రం ఎవరికీ తెలీలేదు.

అయిదోవారానికి రెండు గడియారాలూ ఒక్కటైపోయాయి. గది మామూలు గది. మామూలు గదిలో వచ్చి కూర్చోవడానికి ఎవరికి మాత్రం తీరిక? బడులు తెరవడానికి పదిరోజులుంది, దర్జీ ఆవిడకి ఇంకా నూట నలభై చొక్కాలున్నాయి. మాస్టారు పేపర్లు శనివారంలోపు ఒప్పజెప్పాలి. ఎవరూ రామని అనలేదు. మొహమాటానికి వస్తున్నారు, కూర్చుంటున్నారు, గడియారంవైపు చూస్తున్నారు.

మామ్మకి ఇదంతా తనవల్లే వచ్చిందని తెలిసిపోయింది. తాను నవ్వబట్టే టైము పరుగెత్తుతోంది. కోడలి పరీక్ష ఇంకో వారం. ఎలాగైనా మళ్ళీ గంటని సాగదియ్యాలని ముసలావిడ కంకణం కట్టుకుంది. సోమవారం పొద్దున్న గోడవైపు తిరిగి పడుకుంది. ఎవరు పలకరించినా ఊఁ అనలేదు. పోయినవాళ్ళందర్నీ వరసగా తలుచుకుంది. తుంటి విరిగినప్పటి నొప్పి తలుచుకుంది. దర్జీ ఆవిడ కంగారుపడి, ఒంట్లో బాలేదా పిన్నిగారూ అంటే, మాట్లాడకు, విసుగు తెచ్చుకుంటున్నా, నువ్వు కుట్టుకో అంది. నిజంగానే గుమ్మంలోంచి కనబడే హాలు గడియారం కాస్త నెమ్మదించింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టుకుని చూశారు. పావుగంట సాగిందో లేదో, దర్జీ ఆవిడ కుట్టిన చొక్కా ఎత్తి చూసుకుని గతుక్కుమంది. రెండు చేతులూ ఒకేపక్క కుట్టేసింది. మామ్మ ఓరకంట చూసింది. పెదవులు బిగించింది, కళ్ళు మూసుకుంది, పోయిన పెద్దలందర్నీ మళ్ళీ పిలిచింది. మంచం ఊగిపోయేలా నవ్వింది. సాగిన టైము కాస్తా మళ్ళీ ముడుచుకుపోయింది.

మూడురోజులు అలాగే ప్రయత్నించి ఓడిపోయింది. గురువారం సాయంత్రం కోడల్ని దగ్గర కూర్చోబెట్టుకుని, "నాకు ఏడవడం కూడా చేతకాకుండా పోయిందే, ఏం చెయ్యను" అంది. 

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. రేపు పరీక్షకి వెళ్ళట్లేదత్తయ్యా అని చెప్పేసింది. దర్జీ ఆవిణ్ణి తానే రావద్దంది, మాస్టారికీ ఆ మాటే చెప్పింది. వాళ్ళ పనులు చెడగొట్టుకుని ఎన్నాళ్ళు వస్తారు? ఇప్పటికి ఇంతమంది ఇన్నాళ్ళు చేశారు, అదే గొప్ప. బస్సు ఎక్కడికీ పోదు, వీధిలోనే తిరుగుతుంటుంది అంది.  ఎవరికైనా ఇవ్వడానికి మామ్మ దగ్గర ఇంక టైము లేదు, అందరి దగ్గరా ఉన్నంతే ఉంది.

శుక్రవారం పొద్దున్న ఏడున్నరకి కోడలు పాత బట్టల్లోనే జావ కలుపుతుంటే తలుపు చప్పుడైంది. దర్జీ ఆవిడ. చేతిలో సంచి లేదు, సూది లేదు, దారం లేదు.

"రావద్దన్నానుగా వదినా" అంది కోడలు.

"అన్నావు. రాత్రంతా ఆలోచించా. నూట నలభై ఎలాగూ అవ్వవు. ఇంట్లో కూర్చుని అవకపోయేదేదో ఇక్కడ కూర్చునే అవకుండా పోతుంది. నువ్వు బట్టలు మార్చుకో."

ఆ వెనకే మాస్టారు ఒక్క కట్టతో దిగాడు. మిగతావి సోమవారం ఇస్తానని చెప్పాను, ముప్పైయేళ్ళుగా పిల్లల్ని ఆలస్యానికి తిట్టాను, ఒకసారి నేనూ తిట్లు తిని చూస్తా అన్నాడు. పోస్టాఫీసు పిల్ల సెలవు పెట్టి కవలల్ని చెరో చంకన వేసుకుని వచ్చింది. ఈసారి గుమ్మంలో ఆగలేదు, పిల్లలిద్దర్నీ తీసుకెళ్ళి అమ్మ మంచంమీద దింపింది. టైంకీపరుగారు మాత్రం ఇంకా ఇంట్లోనే ఉన్నాడేమిటని కోడలు చూస్తే, జావ గరిట అందుకుంటూ సిగ్గుపడ్డాడు. ఫ్యాక్టరీకి ఫోను చేసి, పద్నాలుగేళ్ళలో మొదటిసారి తన పేరెదురుగా తానే గైర్హాజరు వేయించుకున్నాడట.

కోడలు ఇంక నిలబడలేదు. నిలబడితే ఏడుస్తుందని తెలుసు. బట్టలు మార్చుకుని, గదిలోకి తొంగిచూసి, వెళ్ళొస్తానత్తయ్యా అంది. మామ్మ ఒళ్ళో ఒక కవల, తలదగ్గర ఇంకో కవల, చేత్తోనే పొమ్మని సైగ చేసింది.

పరీక్ష బాగా జరిగింది, కానీ ఎంతకీ అవలేదు. పద్దెనిమిదిమందిలో కోడలి వంతు చివరికొచ్చింది. మధ్యాహ్నం దాటింది, మూడయింది. బెంచీమీద కూర్చుని ఆవిడ బస్సు గురించి ఆలోచించనేలేదు. ఇప్పుడు పక్క తిప్పి ఉంటారా, మధ్యాహ్నం మాత్ర వేశారా, పాపం ఎంతసేపని ఒకే వైపు చూస్తూ ఉంటారు అనే ఆలోచన. వంతు వచ్చాక చక్రం పట్టుకుంది, ముందు భుజం, తర్వాత నడుము. హారన్ సారు వెనక సీట్లో నిండా నీళ్ళు పోసిన గ్లాసు పెట్టుకుని కూర్చున్నాడు. దిగేటప్పుడు ఆ గ్లాసులో నీళ్ళు తాగేసి, కాగితంమీద సంతకం పెట్టి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర. మెట్లెక్కుతూ కోడలు చెప్పాల్సిన మాటలన్నీ కూడబలుక్కుంది. ఆలస్యమైపోయిందత్తయ్యా, క్షమించండి, చివర్లో పిలిచారు, ఇంకెప్పుడూ ఇంతసేపు ఉండను. రెండేళ్ళుగా ఏ పనిమీద బయటికెళ్ళినా ఆ మెట్లమీద ఆవిడ ఇలాంటి మాటలే కూడబలుక్కుంటూ పరుగెత్తేది.

గది తలుపు తీసి ఉంది. కవలలు మంచంమీద తలకిందులుగా నిద్రపోతున్నారు. దర్జీ ఆవిడ, మాస్టారు, ఆడపడుచు, మొగుడు నలుగురూ మంచం చుట్టూ తలలు దగ్గరపెట్టుకుని ఉన్నారు. మాస్టారి ఒళ్ళో కట్టలో రెండో పేపరు ఇంకా తెరవనేలేదు. మధ్యాహ్నం కోసం సర్దిపెట్టిన గిన్నెలకి మూతలు అలాగే ఉన్నాయి, పైన ఆవిరి ఇంకా ఆరలేదు. కిటికీలోంచి పడ్డ ఎండ అన్ని పలకలూ దాటి అవతలి గోడెక్కేసింది, దాన్ని ఎవరూ చూళ్ళేదు. హాల్లో నాలుగున్నరైతే, గదిలో గోడమీద గడియారంలో పదకొండు కూడా కాలేదు.

"అత్తయ్యా, ఆలస్యం..." అని మొదలుపెట్టింది కోడలు.

మామ్మ తల తిప్పి చూసి ఆశ్చర్యపోయింది. "అదేమిటే, అప్పుడే వచ్చేశావు? బస్సు ఇవ్వనన్నారా?"

కోడలు గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెళ్ళి ఎంతసేపో అయినట్టు ఆ ముసలావిడకి అనిపించనేలేదు. రెండేళ్ళలో ఇంట్లో ఎవరైనా తనని అప్పుడే వచ్చేశావా అని అడగడం ఇదే మొదటిసారి. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతుంటే తుడుచుకోను కూడా తుడుచుకోలేదు.

"ఇచ్చారత్తయ్యా" అంది. "సోమవారంనుంచి పదిహేడో నంబరు నాదే. రోజూ ఎనిమిది గంటలు."

మామ్మ ముఖం వెలిగిపోయింది. కోడల్ని రమ్మని, చెంపలు తన చేత్తో తుడిచి, పక్కన కూర్చోమని చోటిచ్చింది.

"మంచిది. అయితే సోమవారం మాత్రం ఇంత తొందరగా రాకు. మాస్టారు అసలు సంగతికి ఇప్పుడిప్పుడే వస్తున్నారు."